కుర్మయ్య కాళ్లకు కారు నిండా పెద్దమనుషులు

అత్వెల్లి కుర్మయ్య దేవరయాంజాల్ సీతారామస్వామి గుళ్లో ఒక కాలికి చెప్పుతో మూడు ప్రదక్షిణలు చేశాడు. రెండో చెప్పు గుడి బయట, మిగతా భక్తుల చెప్పుల మధ్య, బుద్ధిగా యజమాని కోసం ఎదురుచూస్తూ ఉంది. ప్రదక్షిణలయ్యాక ఆయన లోపలికి వెళ్లి చేతులు జోడించాడు. గోత్రం చెప్పాడు. తీర్థం పుచ్చుకున్నాడు. పూజారి గారు శఠగోపం తల మీద పెట్టి, అదే వరసలో కిందికి చూసి, పెట్టిన శఠగోపాన్ని మళ్లీ పైకి తీసేసుకున్నారు.

"అయ్యా, కాలికి చెప్పుంది," అన్నారు.

కుర్మయ్య కిందికి చూశాడు. ఉంది. బెల్టు చెప్పు, కొత్తది. దాన్ని ఎవరో పరాయివాళ్ల కాలిని చూసినట్టు కాసేపు చూశాడు. "రెండూ ఇడిశిన గదా పంతులూ," అన్నాడు. రెండూ విడిచాననే ఆయన నమ్మకం. ఆ విషయంలో ఎడమ కాలు ఆయనకు ఏ కబురూ పంపలేదు.

కాలికి చెప్పున్న సంగతి కాలికే తెలియకపోతే అది రోగమని ఎవరికైనా తట్టాలి. అత్వెల్లిలో ఎవరికీ తట్టలేదు. ప్లాట్లమ్మిన మదం అన్నారు కొందరు. దేవుడి దగ్గర కూడా ఉపసర్పంచ్ దర్జా చూపించాడన్నారు ఇంకొందరు. ఎదుటి పార్టీవాళ్లకు చెప్పుమీద ఉన్న భక్తి దేవుడి మీద ఉంటే ఎప్పుడో తరించేవారు, గుళ్లో ఎవరో తీసిన ఆ చెప్పుకాలి ఫొటోయే అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిప్పారు. కుర్మయ్య అన్న కొడుకు శ్రీకాంత్ మాత్రం ఇదంతా కుట్ర అని తేల్చాడు. కుట్రదారులు వచ్చి తన కాకకు, అంటే బాబాయికి, తెలియకుండా కాలికి చెప్పెలా తొడిగారో అతను వివరించలేదు. గుడికి సంప్రోక్షణ ఖర్చు కుర్మయ్యే పెట్టుకుని, అందరి ముందు లెంపలు వేసుకుని వచ్చాడు. అంతటితో ఊరికి ఆయన రోగం నయమైపోయింది.

కుర్మయ్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. యాభై దాటిన మనిషి. తండ్రి కాలంలో వాళ్లది ద్రాక్షతోట. ఆ తోట మీదే ఇప్పుడు మా కాలనీ ఉంది. మేము కాకినాడ వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఆ ప్లాట్లు కొనుక్కున్నవాళ్లం. ఇప్పటికీ మామిడి మొక్క పెడదామని గొయ్యి తవ్వితే పందిరి రాతిస్తంభం ముక్క తగులుతుంది. తోట అమ్మినా ఆయన ఊరు వదిలి పోలేదు, కాలనీ చివర పాత ఇంట్లోనే ఉన్నాడు. ఒక విడత ఉపసర్పంచ్‌గా చేశాడు. పదవి పోయి చాలా ఏళ్లయినా తెల్ల ఖద్దరు అంగీ మాత్రం పోలేదు.

ఆయన అసలు విద్య గెట్టు పంచాయతీలు తెంపడం. అన్నదమ్ములిద్దరు పొలం గట్టు కోసం కొట్టుకుంటుంటే కుర్మయ్యను పిలిచేవారు. ఆయన నీతులు చెప్పేవాడు కాదు. మిట్టమధ్యాహ్నం ఇద్దర్నీ వెంటేసుకుని, తాను చెప్పుల్లేకుండా, గెట్టు పొడవునా నడిచేవాడు. అటు చివరి దాకా, మళ్లీ ఇటు చివరి దాకా. ఆయనకు అలుపు లేదు. కాసేపటికి అన్నదమ్ములకు కాళ్లు కాలి, కడుపు కాలి, ధర్మం తెలిసి వచ్చేది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఆయన నడిచి తెంపిన తగాదాలెన్నో. అలాంటి మనిషికి నడక పోతే మిగిలేది తెల్ల అంగీ ఒక్కటే. ఆ సంగతి ఊరికంటే ముందు ఆయనకే తెలిసింది. అందుకే కాళ్లు మొద్దుబారుతున్నాయని చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

చెప్పాక ఇంకా అన్యాయమైపోయాడు.

ఎందుకంటే ఇక్కడ పెద్దమనిషి అన్నవాడు ఎక్కడికీ ఒంటరిగా పోడు. తహసీల్ ఆఫీసుకైనా, పెళ్లికైనా, పరామర్శకైనా కారు నిండా జనం దిగాలి. ఒక్కడే దిగితే, పాపం, ఏమైందో, అనుకుంటారు. దవాఖానకూ అదే లెక్క. ముందు సీట్లో ఫోను పట్టుకుని శ్రీకాంత్. వెనక ఇద్దరు వరసకు బామ్మర్దులు; ఒకాయనకు ప్రతి ఆసుపత్రిలోనూ ఎవరో ఒకరు తెలుసు, రెండో ఆయనకు ఎవరూ తెలియకపోయినా ఎక్కడైనా గొంతు పెంచగలడు. రిపోర్టుల్లో ఇంగ్లీషు చదవడానికి మా ఆయన చక్రపాణి. ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు, కాబట్టి మూత్రపిండాల రిపోర్టు మీద తనకు సహజంగానే అధికారం ఉందనుకుంటారు. వీళ్లందరూ సర్దుకున్నాక, కారు చిట్టచివరి చిన్న సీట్లో, సద్ది గిన్నెలతో, మంచినీళ్ల సీసాలతో, కుర్మయ్య భార్య రాధమ్మ.

డాక్టరు గదిలోకి వెళ్లేసరికి కుర్చీలన్నీ వీళ్లకే సరిపోయేవి. రాధమ్మ బయట వరండాలో బ్యాగుల దగ్గర కూర్చునేది. తోడుగా నన్ను రమ్మంటే నేనూ చాలాసార్లు వెళ్లాను. తలుపు సగం తెరిచే ఉండేది గనక లోపలి వైద్యం మాకూ వినిపించేది.

"ఏమిటి ఇబ్బంది?" అని డాక్టరు కుర్మయ్యను అడిగేవాడు.

"కాళ్లు సార్. తిమ్మిర్లు," అని శ్రీకాంత్ చెప్పేవాడు.

"ఎప్పటినుంచి?"

"గుడి కాడ లొల్లి అయినప్పటి సంది సార్. అదంతా రాజకీయం."

"షుగర్ ఉందా?"

"మస్తున్నది సార్," అనేవాడు గొంతు పెంచే బామ్మర్ది. "నాకు. మా నాయినకు గూడ ఉండె."

"నేనడిగేది ఈయనకు."

"బోర్డర్‌లో ఉందండీ," అనేవారు మా ఆయన, ఫైలు తిరగేస్తూ. "బోర్డర్ అంటే సరిహద్దు అన్నమాట."

సరిహద్దు సంగతి కుర్మయ్యకు చెప్పాలా. ఆయన మాత్రం నోరు విప్పేవాడు కాదు. విప్పడానికి సందు దొరికేది కాదు.

షుగరు తిమ్మిర్లన్నారు మొదట. పాదాలు ఉబ్బితే గుండె డాక్టరు దగ్గరికి తోలుకుపోయారు. గుండె బాగుందన్నాడాయన. నిజమే, బాగుంది. ఒళ్లు నల్లబడింది. ఎండన్నారు. ముప్పై ఏళ్లు మిట్టమధ్యాహ్నాలు గెట్ల మీద తిరిగినప్పుడు నల్లబడని మనిషి, ఇంట్లో ఏసీలో కూర్చున్నప్పుడు నల్లబడితే దాన్ని ఎండ అనడానికి చాలా తెలివి కావాలి. పూత మందు రాసిచ్చారు. పొట్ట బరువుగా ఉందంటే కాలేయం, ప్లీహం వాచాయన్నారు. "తాగుతారా?" అని అడిగితే కారులో వచ్చిన వాళ్లందరూ ఒక్క గొంతుతో, "ఎన్నడో బంద్ జేసిండు సార్," అన్నారు. అందులో ఇద్దరి నోటి వాసన వరండా దాకా వచ్చింది. థైరాయిడ్ తక్కువుందని ఇంకొకరు మాత్ర ఇచ్చారు. ఏ డాక్టరుకు ఆ డాక్టరు తన ప్లాటుకు కంచె వేసుకుని కూర్చున్నాడు. పక్క ప్లాటులో ఏముందో వాళ్లు అడగలేదు, మనవాళ్లు చెప్పలేదు. ఫైలు లావెక్కింది. మనిషి చిక్కిపోయాడు.

ఇన్ని దవాఖానలు తిరిగినా ఒక్క డాక్టరూ కుర్మయ్య తెల్ల అంగీ విప్పించలేదు. మణికట్టు దాకా చేతులు, మెడ దాకా గుండీలు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన అంగీ. లోపలున్నది లీడరు అనుకున్నారే గానీ ఒళ్లు అనుకోలేదు.

ఒకరోజు మా ఇంటి వెనక చింతపండు గింజలు తీస్తూ రాధమ్మ అంది, "సుందరమ్మా, ఒకటి అడుగుత. నవ్వద్దు."

నా పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. అంత ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు.

"నవ్వను, అడుగు."

"మొగోళ్లకు గూడ ఎద పెరుగుతదా?"

నవ్వనన్నాను గనక చాలాసేపు ఆపుకున్నాను. రాధమ్మ ముఖం చూశాక ఆపుకోవలసిన అవసరం లేకుండా పోయింది.

"గీ ఎండలల్ల రెండు బనీన్లేస్తుండు," అంది. "ఎందుకంటె ఒకటేస్తె అంగిల కానొస్తదట. పిండుదామని బట్టలు తీస్తె రెండు రెండు ఎల్లుతున్నయి. నేను జూస్తనని తానం జేసేటప్పుడు గుసల్ఖాన తలుపు గడె పెట్టుకుంటుండు. పెయ్యి మీద ఎర్ర సుక్కలు లేసినయి, అవీ జూపెట్టడు. ఇంకొకటున్నది. అది మొగడు పెండ్లాల ముచ్చట, నీకెట్ల చెప్పాల్నో తెలుస్తలేదు."

"అర్థమైందిలే."

"మేము మాట్లాడుకునుడే బందయింది."

"మరి డాక్టర్లకు చెప్పొచ్చు కదా."

"ఎట్ల చెప్తడు? లోపట శ్రీకాంత్ గాడుంటడు. మీ సారుంటడు. పొద్దుగూకేటాల్లకు ఊరంత తెలుస్తది. చెప్పు ఫొటోనే గంత తిప్పిండ్రు, ఇది తెలిస్తె ఊకుంటరా?"

"నువ్వు చెప్పరాదూ?"

"నన్ను లోపటికి రానిస్తె గద. కుర్సీలన్ని ఆళ్లయే నాయె."

ఆ మధ్యాహ్నం మా ఆయనతో, "ఈసారి మీరందరూ బయట కూర్చుని రాధమ్మను లోపలికి పంపండి," అన్నాను.

"ఆవిడకు ఇంగ్లీషు రాదు కదే," అన్నారాయన, చాలా జాలిగా.

కుర్మయ్య కాళ్లు ఇంకా చెడ్డాయి. బహదూర్‌పల్లిలో శ్రీకాంత్ కొత్త వెంచర్ భూమిపూజకు కాకను తీసుకుపోయి, ఫొటో కోసం చేతికి గడ్డపార ఇచ్చి నిలబెట్టాడు. కుర్మయ్య గడ్డపార ఎత్తాడు. పాదాలు పట్టు ఇవ్వలేదు. నవధాన్యాలు పోసిన గుంటలో, టెంకాయ చిప్పల మధ్య, మెల్లగా కూర్చుండిపోయాడు. లేవబోతే లేవలేకపోయాడు. బామ్మర్దులు వచ్చి లేపారు, కాకపోతే ఫొటో అయ్యాక.

ఆ తర్వాత చూపించిన దవాఖానలో నరాలకు కరెంటు పెట్టి పరీక్ష చేశారు. నరాల మీద పొర కరిగిపోతోందన్నారు. అది నిజమే. ఒంట్లో రక్షణ వ్యవస్థ తన నరాలనే తింటోందేమోనని వరసగా కొన్ని రోజులు సెలైన్‌లో ఖరీదైన మందెక్కించారు. చాలామందికి ఆ మందుతో గుణం కనిపిస్తుందట. ఈయనకు కనిపించలేదు. కుర్మయ్య వీల్‌చెయిర్‌కు వచ్చాడు. పరివారానికి మాత్రం కొత్త హుషారు వచ్చింది. వీల్‌చెయిర్ తోస్తే ఫొటోలో సేవ స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరు తోయాలని ఒకసారి లిఫ్టు దగ్గర కీచులాడుకున్నారు కూడా.

మందెక్కించిన డాక్టరు పాపం నిజాయితీపరుడు. "నా లెక్క ఎక్కడో తప్పుతోంది," అని ఒప్పుకుని, నగరంలో డాక్టర్ వినోద అనే నరాల వైద్యురాలికి రాసిచ్చాడు. అందరం మళ్లీ కారెక్కాం. సుచిత్ర చౌరస్తా దాటాక కుర్మయ్య ఒక్క మాటన్నాడు, ఎవరితోనో తెలియదు. "ఇదే ఆఖరు. గీమె గూడ తెల్వదంటె ఇగ మంచమే." శ్రీకాంత్ ఫోనులో ఉన్నాడు. వెనక సీట్లో రాధమ్మ విన్నది.

వినోద గారు పొట్టిగా, నెరిసిన జుట్టుతో, నిద్ర చాలని ముఖంతో ఉన్నారు. పరివారమంతా గదిలోకి పోయి కుర్చీలు లాక్కుంది.

"ఇంతమందిలో పేషెంటు ఎవరు?" అన్నారావిడ.

"గీయన మేడం," అని శ్రీకాంత్ వీల్‌చెయిర్ చూపించాడు.

"నాకూ అదే అనుమానం వచ్చింది. ఏమిటండీ ఇబ్బంది?"

"కాళ్లు మేడం. తిమ్మిర్లు," అన్నాడు శ్రీకాంత్.

"మీకా?"

"మా కాకకు."

"మీ కాకకు మాటలు కూడా పడిపోయాయా?"

నేనూ రాధమ్మా వరండాలోంచి మెడలు చాచాం.

"ఈయన బట్టలు ఎవరు ఉతుకుతారు?" అని అడిగారావిడ.

ఇన్ని ఆసుపత్రుల్లో ఎవరూ అడగని ప్రశ్న. పరివారం ఒకరి ముఖాలొకరు చూసుకుంది. "మిషన్, మేడం," అన్నాడు శ్రీకాంత్ చివరికి.

"మిషన్లో వేసేదెవరు?"

"మా చిన్నమ్మ."

"ఎక్కడుంది ఆవిడ?"

"బయట మేడం. బ్యాగుల కాడ."

"ఆవిడను లోపలికి పంపండి. మీరందరూ బ్యాగుల కాడ ఉండండి."

"మేమంత ఇంటోళ్లమే మేడం," అన్నాడు గొంతు పెంచే బామ్మర్ది. ఈసారి గొంతు పెద్దగా పెరగలేదు.

"ఇంటికెళ్లాక ఇంటివాళ్లుగా ఉండండి."

వాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు, పెళ్లి పందిట్లో బంతి నుంచి లేపేసినట్టు. రాధమ్మ సద్ది గిన్నె నా చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని లోపలికి పోయి తలుపేసింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. మా ఆయన ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడ్డారు.

"ఫైలు నా దగ్గరే ఉండిపోయింది. లోపల ఇంగ్లీషు ఎవరు చదువుతారు?" అన్నారు కంగారుగా.

"ఆవిడ డాక్టరండీ," అన్నాను.

లోపల జరిగింది తర్వాత రాధమ్మ చెప్పింది, ఏదీ దాచకుండా. నేను కొంత దాచి చెబుతాను.

"అంగీ తీయండి," అన్నారట వినోద గారు.

"రోగం కాళ్లకు గద మేడం, అంగి ఎందుకు?" అన్నాడట కుర్మయ్య.

"మీ కాళ్లు మీ ఒంటికే అతికి ఉన్నాయి కదా?"

కుర్మయ్య తలుపు వైపు చూశాడు. గడియ పడి ఉంది. గుండీలు విప్పబోతే వేళ్లు కూడా వంగలేదు. రాధమ్మ చెయ్యి వేయబోతే వద్దని, తానే ఒక్కొక్క గుండీ తీశాడు. చాలాసేపు పట్టింది. డాక్టరు తొందర పెట్టలేదు. అంగీ పోయింది. ఒక బనీను పోయింది. రెండో బనీను దగ్గర ఆగి, "నవ్వద్దు మేడం," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. పెరిగిన ఎద, నల్లబడ్డ చర్మం, దాని మీద కుంకుమ చిలికినట్టు ఎర్రటి చుక్కలు, సున్నం కొట్టినట్టు తెల్లబడ్డ గోళ్లు, చేతుల మీద కొత్తగా మొలిచిన ముతక వెంట్రుకలు, అన్నీ వరసగా చూశారు. పొట్ట నొక్కారు. కళ్లలోకి లైటు వేసి చూశారు. తర్వాత అడగవలసిన ఆ ప్రశ్న కూడా మామూలుగా, తిన్నారా అన్నంత మామూలుగా అడిగారు.

"మా ఆయన జవాబు గోడకు చెప్పిండు," అంది రాధమ్మ. "గాని చెప్పిండు. మొత్తం చెప్పిండు. నేను మధ్యల రెండు మాటలు సరిజేసిన, గంతే. గంత మాట్లాడంగ నేను పెండ్లయినకాడి నుంచి ఇన్లె."

"ఇదంతా ఇంతకుముందు ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అని అడిగారట వినోద గారు.

"మనోళ్లుండిరి గద మేడం," అన్నాడు కుర్మయ్య.

ఆ తర్వాత పరీక్షల పరంపర. నెత్తుట్లో ప్రోటీన్లకు, నడుము ఎముకలోంచి మూలుగకు, ఒంటికంతా స్కాను. ఎముకల్లో అక్కడక్కడ గట్టి మచ్చలు కనిపించాయి. నెత్తుట్లో ఉండకూడని ప్రోటీను ఒకటి, చాలా కొంచెం, వెతికితే గానీ దొరకనంత కొంచెం కనిపించింది. అప్పుడు వినోద గారు నెత్తుటి జబ్బుల డాక్టరును కూడా కూర్చోబెట్టుకుని, కుర్మయ్యకూ రాధమ్మకూ విడమర్చి చెప్పారు. మూలుగలో ఒక జాతి కణాలు చెడి, ఒకే రకం ప్రోటీను పోస్తున్నాయి. వాటి అల్లరికి నరాల పొర కరుగుతోంది, కాలేయం, ప్లీహం ఉబ్బుతున్నాయి, గ్రంథులు దారి తప్పుతున్నాయి, చర్మం నల్లబడుతోంది. అన్నీ ఒకే జబ్బు. చాలా అరుదు. పేరు పోయెమ్స్. ఒక్కో లక్షణం తాలూకు ఇంగ్లీషు మాటలోంచి ఒక్కో అక్షరం ఏరి కట్టిన పేరు.

ఇక్కడ మా ఆయన ఇంగ్లీషు చివరికి అక్కరకొచ్చింది. "పోయెమ్స్ అంటే పద్యాలండీ," అని వరండాలో అందరికీ అర్థం చెప్పారు. రాత్రికల్లా ఊళ్లో కుర్మయ్యకు పద్యాల రోగం వచ్చింది.

"నేను బడికే సక్కగ పోలె. నాకు పద్యాలెట్లొస్తయి," అన్నాడు కుర్మయ్య విని.

వినోద గారు తీపి మాటలు చెప్పలేదు. ఊరుకుంటే మంచం, మంచం తర్వాత ప్రాణం. చికిత్స చేస్తే నడక రావచ్చు, చాలా నెమ్మదిగా. ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను, అన్నారు. కొన్ని నెలలు మాత్రలు, వారానికోసారి స్టెరాయిడ్. తర్వాత ఆయన మూలకణాలను ఆయన నెత్తుట్లోంచే తీసి దాచి, పెద్ద మందుతో చెడ్డ కణాలను తుడిచేసి, దాచిన వాటిని మళ్లీ ఆయనకే ఎక్కించడం.

"అంటే నా పొలం దున్ని, నా ఇత్తనమే మళ్ల సల్లుడు," అన్నాడు కుర్మయ్య.

"కలుపు మళ్లీ మొలుస్తుందేమో చూస్తూ ఉండాలి. ఎప్పటికీ," అన్నారావిడ.

స్టెరాయిడ్ వేసుకున్న రోజు ఆయనకు నిద్ర ఉండేది కాదు. ఎన్నేళ్లుగానో ఆపుకున్న మాటలన్నీ రాధమ్మకు చెప్పేవాడు. "రోగమే నయముండె," అని ఆవిడ నా దగ్గర ఆవులించేది.

గది నుంచి గెంటేసినా పరివారం సేవ మానలేదు. మేడ్చల్ చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ లేచింది. "మా ప్రియతమ నాయకుడు కుర్మయ్య గారు త్వరగా కోలుకోవాలి" అని. అందులో శ్రీకాంత్ ముఖం బండి చక్రమంత, ఇద్దరు బామ్మర్దులవి పళ్లేలంత. కుర్మయ్య ముఖం మూలన ఉంది, తపాలా బిళ్లంత. కింద మా ఆయన పేరు కూడా చూశాను. ముందు "మేధావి" అని ఉంది. ఆయన ఆ ఫొటో ఫోనులో దాచుకున్నారని నాకు తెలియదనే అనుకుంటున్నారు.

కణాలెక్కించే రోజున పరివారం గజమాలతో, పళ్ల బుట్టతో ఆ వార్డుకు పోయింది. అక్కడ ఒక్కరికే ప్రవేశం, అదీ మాస్కు వేసుకుని, చేతులు కడుక్కుని. పువ్వులు లోపలికి రాకూడదు, పళ్లు రాకూడదు, నాయకులసలే రాకూడదు. నర్సు మాట వినక గొంతు పెంచే బామ్మర్ది తనకు తెలిసిన గొంతు పెంచాడు. సెక్యూరిటీ ఆయన వచ్చి గజమాలతో సహా లిఫ్టు ఎక్కించాడు. ఆ మాల ఊరికే పోవడమెందుకని దారిలో శ్రీకాంత్ మెడలో వేసి ఫొటో తీశారు.

గాజు తలుపు అవతల కుర్మయ్య జుట్టు రాలిపోయి, నోరు పూసి, ఏదీ మింగుడుపడక, వాంతులతో పడి ఉన్నాడు. ఆ రోజుల్లో రాధమ్మ ఫోను చేసి ఏమీ మాట్లాడేది కాదు. నేనే ఏదో ఒకటి వాగేదాన్ని. ఒకసారి మాత్రం, "సుందరమ్మా, నాకు భయమైతాంది," అని పెట్టేసింది.

ఆయన బయటపడ్డాడు. ఇంటికొచ్చాక ముందు ఒంటి నలుపు తగ్గింది, వాపు దిగింది, రెండో బనీను పోయింది. కాళ్లు మాత్రం మొండికేశాయి. నరం నాటు వేసిన పైరు కాదు, ఊరంతా చూస్తుండగా పెరగడానికి. నెలల తరబడి ఫిజియోథెరపీ పిల్ల వచ్చి వేళ్లు ఆడించమంటే కుర్మయ్య పళ్లు కొరికేవాడు, వేళ్లు ఊరుకునేవి. ఇక రాదులే అని కారులో జనం నిర్ణయించేశారు. వాళ్ల నిర్ణయాలన్నీ కారులోనే అవుతాయి.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం రాధమ్మ ఫోను. ఎక్కిళ్ల మధ్య, "మా ఆయనకు కాలు కాలింది సుందరమ్మా," అంది.

నేను బర్నాల్ తీసుకుని పరిగెత్తాను. తీరా చూస్తే కుర్మయ్య అరుగు మీద కూర్చుని పాదం చేతిలో పట్టుకుని, వాకిట్లో షాబాదు బండను నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. వాకర్ పట్టుకుని వట్టి కాళ్లతో వాకిట్లోకి దిగితే బండ చురుక్కుమందట. రాధమ్మ పక్కన నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఇంకోసారి పెట్టి జూడు," అంటోంది.

"నీకేమన్న పిచ్చా, కాలుతాంది," అన్నాడాయన. అని, రెండో కాలు పెట్టి చూశాడు.

వాకర్ తర్వాత కర్ర వచ్చింది. పాదాలు వేలాడకుండా మడమల దగ్గర ప్లాస్టిక్ పట్టీలు. నడక కొంగ నడకలా ఉంటుంది, మెట్లంటే ఇప్పటికీ తిట్లే. నెలనెలా పరీక్షకు పోవాలి. మొదట్లో రాధమ్మ వెళ్లేది. ఈమధ్య ఆవిడ కూడా మానేసింది. "తన రోగం తాను చెప్పుకునుడు నేర్సిండు. పోనీ," అంది.

మొన్న నెత్తుటి పరీక్షకు పోతూ కుర్మయ్య హైవే మీద బస్సు కోసం నిలబడ్డాడు. ఖద్దరు కాదు, చేతులు పొట్టిగా ఉన్న మామూలు గళ్ల అంగీ, పై గుండీ విప్పి ఉంది. నేను కూరగాయలకు వెళ్తూ పక్కనే ఆగాను. కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది. లోపల అందరూ ఉన్నారు, మా ఆయనతో సహా, ఫైలుతో సహా.

"ఎక్కు కాకా. దవాఖానకే గదా," అన్నాడు శ్రీకాంత్.

కుర్మయ్య కర్ర మీద బరువు మార్చుకుని బస్సు వచ్చే దిక్కు చూశాడు.

"మీటింగులకు రావు, కారెక్కవు, ఫోనెత్తవు," అన్నాడు శ్రీకాంత్, గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఎన్ని దవాఖానలు తిరిగినం నీ కోసం. గింతమందిమి ఉండంగ నువ్వొక్కనివే గీ కట్టె పట్టుకోని బస్సుల పోతాంటె, ఊర్ల మా ఇజ్జత్ ఏం గావాలె కాకా?"

బస్సు కనిపించింది. కుర్మయ్య చెయ్యెత్తి ఆపి, అటు తిరిగే అన్నాడు:

"రోగమొచ్చింది నాకొక్కనికే గదరా, నేనొక్కన్నే పోత."